జడ కొసన ఆరు వేసవులు

నడుము దాటిన జడను మంచి వెలుతురులో ఒక్కసారి పరీక్షగా చూస్తే చాలు, ఎండ జుట్టును ఏం చేస్తుందో తెలిసిపోతుంది. మాడు దగ్గర నిగనిగలాడే నలుపు. మెడ దిగేసరికి ఆ నలుపులో మెరుపు తగ్గుతుంది. రిబ్బను కట్టే చోటికి వస్తే గోధుమ రంగు, ఆ కింద రాగి రంగు, చిట్టచివర రెండుగా చీలిన వెంట్రుకలు. తల ఒకటే, రాసిన నూనె ఒకటే, తిన్న తిండీ ఒకటే. తేడా అంతా వయసులో ఉంది. జుట్టు నెలకు ఒక సెంటీమీటరు, మహా అయితే సెంటీమీటరుంబావు పెరుగుతుంది. ఆ లెక్కన 75 సెంటీమీటర్ల జడలో మాడు దగ్గరి వెంట్రుక మొన్న పుట్టింది, కొస మాత్రం ఐదారేళ్ల కిందటిది. మధ్యలో వచ్చిన ఎండాకాలాలన్నిటినీ అది భరించింది.

జుట్టు గురించి తెలుగునాట మాటలకు కొదవ లేదు. ఏ నూనె మంచిది, కుంకుడుకాయ మేలా షాంపూ మేలా, ఉల్లిరసం పూస్తే మొలుస్తుందా, మందారాకు నూరి పెడితే ఒత్తుగా వస్తుందా? ఈ ప్రశ్నలకు పత్రికల్లో శీర్షికలున్నాయి, సెల్‌ఫోన్ల నిండా వీడియోలున్నాయి. ఎండ మాట వస్తే మాత్రం అది ముఖం నల్లబడటం దగ్గరే ఆగిపోతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండ చుర్రుమనే ప్రాంతంలో ఇది చిన్న లోపం కాదు. జుట్టుకూ ఎండకూ ఉన్న సంబంధాన్ని ఎత్తిన కొద్దిమంది కూడా చివరికి ఇంకో సీసానే చూపిస్తున్నారు. అసలు రక్షణ సీసాలో లేదు. తల మీద గుడ్డలో ఉంది, చేతిలో గొడుగులో ఉంది, బయటికి వెళ్లే వేళలో ఉంది. మిగతావన్నీ వాటి తర్వాతే.

ముందు వెంట్రుక సంగతి చూద్దాం. ప్రాణమున్న భాగం మాడు చర్మం కింద మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతున ఉన్న కుదురు మాత్రమే. చర్మం దాటి పైకి వచ్చిందంతా కెరటిన్ అనే మాంసకృత్తు పోగు. అందులో జీవం లేదు. ఎండకు చర్మం కమిలితే కొన్నాళ్లకు పొట్టు రాలి కింద నుంచి కొత్త చర్మం వస్తుంది. వెంట్రుకకు ఆ అవకాశం లేదు. ఈ ఏడాది తగిలిన దెబ్బ కత్తెర పడేదాకా దాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది, వచ్చే ఏడాది దెబ్బ దాని మీద చేరుతుంది. పాడైన జుట్టును బాగుచేస్తామని చెప్పి అమ్మే క్రీములు, సీరమ్‌లు పైన పూతపూసి నునుపు తెస్తాయి, చిక్కు తగ్గిస్తాయి. పోయిన మాంసకృత్తును తిరిగి పుట్టించడం వాటి వల్ల కాదు. కాబట్టి జుట్టు విషయంలో ముందు జాగ్రత్తే వైద్యం.

వెంట్రుకను సూక్ష్మదర్శిని కింద పెడితే పైన పొలుసులు కనిపిస్తాయి. పెంకుటింటి కప్పు మీద పెంకులు ఒకదానిపై ఒకటి ఎక్కించి పేర్చినట్టు, ఆరు నుంచి పది వరసలుగా ఉంటాయవి. వాటి పైన కంటికి ఆనని కొవ్వు పొర ఒకటుంది. నీటిని లోపలికి రానివ్వకుండా ఆపేదీ, వెంట్రుక మీద వెంట్రుక జారిపోయేలా చేసేదీ అదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు మొదట ఈ పొరను దెబ్బతీస్తాయి. తర్వాత పొలుసులు లేస్తాయి, అంచులు విరుగుతాయి. దువ్వెన పెడితే జుట్టు చిక్కుపడటానికీ, గాలిలో కాస్త తేమ పెరగ్గానే ఉబ్బిపోవడానికీ, నూనె రాసినా కాసేపటికే కళ తప్పడానికీ మొదలు ఇక్కడే.

లోపలి నష్టం ఇంకా పెద్దది. అతినీలలోహిత కిరణాల్లో బి రకం, అంటే 280 నుంచి 320 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్నవి, ముఖ్యంగా మాంసకృత్తును దెబ్బతీస్తాయి. వెంట్రుక గట్టిదనం చాలావరకు సిస్టీన్ అనే అమైనో ఆమ్లంలోని గంధకపు బంధాల మీద ఆధారపడి ఉంటుంది. ఎండకు ఆ బంధాలు తెగి సిస్టీన్ కాస్తా సిస్టీయిక్ ఆమ్లంగా మారిపోతుంది. ఇక అతకదు. ట్రిప్టోఫాన్ అనే మరో అమైనో ఆమ్లమూ ఇలాగే విరిగిపోతుంది. ఎ రకం కిరణాలు, అంటే 320 నుంచి 400 నానోమీటర్లవి, రంగును మారుస్తాయి. బ్రెజిల్ శాస్త్రవేత్తలు 2004లో ప్రచురించిన పరిశోధన ఈ రెండు రకాల కిరణాల పనిని విడివిడిగా చూపించింది.

నల్ల జుట్టున్నవాళ్లు ఈ విషయంలో కొంత అదృష్టవంతులు. జుట్టుకు రంగునిచ్చే మెలనిన్ కిరణాలను తాను పీల్చుకుని వేడిగా మార్చి, మాంసకృత్తు దాకా పోకుండా ఆపుతుంది. ఆ పనిలో తాను నాశనమవుతుంది. జుట్టు ఎండకు ఎర్రబడిందంటే మెలనిన్ చేతనైనంత అడ్డుపడి ఖర్చయిపోయిందన్నమాట. నెరిసిన జుట్టులో ఆ కాపలా లేదు. తలపండిన పెద్దవాళ్ల వెంట్రుకలు ఎండకు పసుపు పచ్చగా మారడం, బిరుసెక్కడం అందుకే. నెరిసిన జుట్టుకు ఇంక ఎండ ఏం చేస్తుందిలే అని చాలా ఇళ్లలో అనుకుంటారు. గొడుగు అవసరం అందరికన్నా ఎక్కువ ఆ ఇంటి తాతయ్యకు, అమ్మమ్మకే.

ఎండ రంగు విరుస్తుందన్న సంగతి కొత్తదేమీ కాదు. పదహారో శతాబ్దంలో వెనిస్ నగరపు స్త్రీలు దాన్ని కావాలని వాడుకున్నారు. మేడల పైన చెక్క అరుగులు కట్టించుకుని అక్కడ ఎండలో కూర్చునేవారు. నెత్తి భాగం లేకుండా వెడల్పాటి అంచు మాత్రమే ఉన్న టోపీ పెట్టుకుని, ఆ ఖాళీలోంచి జుట్టంతా పైకి లాగి అంచు మీద పరిచి, రంగు విరిచే ద్రావణాలతో తడుపుతూ ఉండేవారు. చేజారె వెచెల్లియో 1590లో వెలువరించిన వేషధారణల గ్రంథంలో దీని బొమ్మ ఉంది. ముఖానికి నీడ, జుట్టుకు ఎండ: ఏది దేన్ని మారుస్తుందో వాళ్లకు స్పష్టంగా తెలుసు. వాళ్లు గంటలు గంటలు కూర్చుని కోరి తెచ్చుకున్న మార్పు మన పొలాల్లో, ఇటుక బట్టీల్లో, రోడ్డు పనుల్లో కూలి చేసేవాళ్లకు కోరకుండానే వస్తోంది. దాన్ని చూసి తైల సంస్కారం లేని జుట్టు అని పేరు పెట్టేస్తాం. ఆ ఎర్రదనం సోమరితనానిది కాదు. అన్ని గంటలు ఎండలో నిలబడి పనిచేసినందుకు వచ్చింది.

ఎండనూ వేడినీ ఒకటిగా లెక్కేయడం మనం తరచూ చేసే పొరపాటు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా వేడి ఎక్కువ కాబట్టి ఆ వేళ ఇంట్లో ఉంటే చాలనుకుంటాం. అతినీలలోహిత కిరణాల లెక్క వేరు. సూర్యుడు ఆకాశంలో అన్నిటికన్నా ఎత్తున ఉన్నప్పుడు అవి గట్టిగా పడతాయి. హైదరాబాద్‌లో మార్చి మధ్యలో ఆ క్షణం దాదాపు 12 గంటల 25 నిమిషాలకు వస్తుంది, మే నెలలో 12 గంటల 12 నిమిషాలకు. మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో ఆ నగరంలో నిటారుగా నిలబెట్టిన కర్రకు కాసేపు నీడే కనబడదు. జీరో షాడో డే అని పత్రికల్లో వార్తలు వచ్చేది ఆ రోజుల్లోనే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే యూవీ సూచీ ప్రకారం 3 నుంచే రక్షణ అవసరం. 8 దగ్గరికి వస్తే చాలా ఎక్కువ, 11 దాటితే విపరీతం. తెలుగు రాష్ట్రాల్లో వేసవి మధ్యాహ్నం మబ్బు లేకపోతే 11 దాటడం మామూలే. ఆగస్టులో వాన వెలిసి మబ్బు విడిచినప్పుడు కాసే ఎండ ఒంటికి హాయిగా ఉంటుంది, అందులోని కిరణాలు మాత్రం మే నెల కిరణాలకు పెద్దగా తీసిపోవు. సంక్రాంతి నాటి ఎండనూ మధ్యాహ్నం వేళ తేలిగ్గా తీసుకోకూడదు. దీనికి సెల్‌ఫోన్‌లో యాప్ చూడనక్కర్లేదు. నేల మీద మన నీడ మన ఎత్తు కన్నా పొట్టిగా ఉంటే కిరణాలు గట్టిగా ఉన్నట్టు.

ఈ లెక్క దగ్గర పెట్టుకుని ఒంటిపూట బడులను చూడాలి. ఏటా మార్చి మధ్యలో మొదలయ్యే ఒంటిపూట బడులు రెండు రాష్ట్రాల్లోనూ సాధారణంగా పన్నెండున్నరకు వదులుతారు. వడదెబ్బ దృష్టితో ఇది మంచి నిర్ణయమే, దాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు. రెండు దాటాక వచ్చే వేడి నుంచి పిల్లలు తప్పించుకుంటున్నారు. కానీ రోజు మొత్తంలో అతినీలలోహిత కిరణాలు అన్నిటికన్నా గట్టిగా పడే వేళకు సరిగ్గా లక్షల మంది పిల్లలను ఉత్త తలలతో రోడ్డు మీదికి పంపుతున్నాం. గేటు తీయగానే పుస్తకాల సంచి వీపున వేసుకుని, కొందరు సంచినే నెత్తిన పెట్టుకుని, ఊరి చివరి ఇంటిదాకా నడిచి వెళతారు. వేళ మార్చారు సరే, తలకు ఏమిచ్చారు? ఈ ప్రశ్న ఇంతవరకు గట్టిగా వినబడలేదు.

ఆడపిల్లలకు రెండు జడలు వేసి, మడిచి, రిబ్బన్లు కట్టే పద్ధతి తెలియకుండానే ఒక మేలు చేస్తోంది. జడ కొస మడతలోకి పోవడంతో ఎండ దానికి తక్కువ తగులుతుంది. నడినెత్తిన తీసిన పాపిటకు మాత్రం ఏ అడ్డూ లేదు. అక్కడి చర్మం ఎర్రగా కంది చుర్రుమంటుంటే చుండ్రు అనుకుని నిమ్మకాయ రుద్దే తల్లులున్నారు. మగపిల్లల పొట్టి క్రాపులో మాడంతా అలాగే ఎండకు గురవుతుంది.

తలను కాపాడటానికే కదా దేవుడు జుట్టిచ్చింది, దానికి మళ్లీ కాపలా ఎందుకని అడిగేవాళ్లుంటారు. మొదటి సగం నిజం. 2023లో అమెరికా, బ్రిటన్ శాస్త్రవేత్తలు మనిషి తలలా వేడెక్కే బొమ్మకు రకరకాల జుట్టు విగ్గులు పెట్టి, దీపాల వెలుగులో పరీక్షించారు. ఏ రకం జుట్టయినా మాడుకు చేరే ఎండ వేడిని తగ్గిస్తుందని తేలింది. ఆఫ్రికా వాసుల్లో కనిపించే చుట్టలు తిరిగిన జుట్టు అన్నిటికన్నా బాగా కాపాడింది. మన ప్రాంతంలో ఎక్కువ మందిది తిన్నని జుట్టో, కొద్దిగా అలలు తిరిగిన జుట్టో. అది మాడును కాపాడుతూ తాను దెబ్బతింటుంది. కొప్పో జడో వేసుకుంటే ఎండకు తగిలే భాగం తగ్గుతుంది, విరబోసుకుంటే పెరుగుతుంది.

జుట్టు రక్షణలో అసలైన నిపుణులను చూడాలంటే మిరప కోతల కాలంలో ఏ పొలం గట్టునైనా నిలబడాలి. ఆడకూలీలు చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కుంటారు. జుట్టు బిగించి ముడివేసి, నెత్తిన తువ్వాలు పరిచి, దాని అంచును నుదుటి మీదికి దించి, చెవుల పక్కనుంచి మెడ వెనక్కి తెచ్చి ముడేస్తారు. పాపిట, ముడి, మెడ మూడూ కప్పబడతాయి. చెమట పట్టినా జారదు, వంగి లేచినా ఊడదు. పత్తి తీతకు వెళ్లేవాళ్లదీ, నాట్లకు వెళ్లేవాళ్లదీ ఇదే పద్ధతి. అందులో ఖర్చు లేదు, ప్రకటన లేదు. ఏ చర్మవైద్య నిపుణుడూ ఇంతకన్నా మంచి సలహా ఇవ్వలేడు.

మగవాళ్లకూ ఒకప్పుడు ఇలాంటివి ఉండేవి. రైతుకు తలపాగా, పశువులు కాసేవాళ్లకు ఆకులతో అల్లిన గిడుగు, గొల్ల కురుమలకు గొంగడి. గొంగడి నేసే ఉన్నిలోనూ ఉన్నది కెరటినే. నల్ల గొర్రె వీపున ఉన్నిని వేళ్లతో విడదీసి చూస్తే పై కొసలు ఎండకు గోధుమ రంగులోకి తిరిగి, లోపల నలుపు నలుపుగానే ఉంటుంది. మనిషి జడలో జరిగేదే అక్కడా జరుగుతోంది. ఆ తలపాగా పల్లెటూరితనానికి గుర్తయిపోయి మూలకు పోయింది. గొడుగు వానాకాలపు వస్తువైపోయింది. ఎండలో గొడుగేసుకుని నడిస్తే నలుగురూ ఏమనుకుంటారోనన్న బిడియం ఊళ్లలో మగవాళ్లను ఇప్పటికీ వదల్లేదు. ఈ బిడియం పోవాలి. గొడుగు కన్నా మంచి సాధనం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయం వైద్యులు 2013లో మామూలు చేతిగొడుగులను పరీక్షిస్తే, అన్నీ కనీసం 77 శాతం అతినీలలోహిత కిరణాలను ఆపాయి. నల్ల గొడుగులైతే 90 శాతానికి పైగా ఆపాయి.

గుడ్డ విషయంలో కొంచెం చూసుకోవాలి. చిక్కగా నేసినది, కాస్త ముదురు రంగుది మేలు. కళ్లకు అడ్డం పెట్టుకుంటే అవతలి వెలుతురు ఎంత తక్కువ కనిపిస్తే అంత మంచిది. పల్చటి షిఫాన్ చున్నీ అలంకారానికే. క్రికెట్ టోపీ నెత్తిని కాపాడుతుంది, మెడను, చెవులను, జడను వదిలేస్తుంది. చుట్టూ అంచున్న టోపీ దానికన్నా నయం. మన నగరాల్లో స్కూటర్ల మీద వెళ్లే అమ్మాయిలు తలకు, ముఖానికి స్కార్ఫ్ చుట్టుకోవడం చూస్తుంటాం. చాలా మంచి అలవాటు. జడను కూడా ఆ స్కార్ఫ్ లోపలికి, లేదా చొక్కా వెనక లోపలికి తోసుకుంటే పని పూర్తవుతుంది. కొస గాలికి కొట్టుకుంటూ, ఎండకు ఎండుతూ ఉంటే నెత్తికి చేసిన రక్షణ దానికి అందదు.

ఇక సీసాల సంగతి. జుట్టుకు రాసే కొన్ని వస్తువుల మీద ఎస్‌పీఎఫ్ అని అంకె కనిపిస్తుంది. ఆ అంకెను లెక్కగట్టేది చర్మం ఎర్రబడటాన్ని బట్టి. వెంట్రుక కందదు, కాబట్టి ఆ అంకె వెంట్రుక గురించి ఏమీ చెప్పదు. జుట్టు రక్షణకు అందరూ ఒప్పుకున్న అలాంటి కొలమానం ఇంకా లేదు. షాంపూలో ఎండను ఆపే రసాయనం కలిపామని చెప్పినా, అది రుద్ది కడిగేసే వస్తువు. నీళ్లతో పాటు చాలావరకు పోతుంది. రాసి వదిలేసే రకం స్ప్రేలు, క్రీములు దానికన్నా మెరుగు. రంగు వేయించుకున్నవాళ్లకు, బ్లీచింగ్ చేయించుకున్నవాళ్లకు అవి కొంత పనికొస్తాయి. గుడ్డ కొనే డబ్బు పెట్టి వాటిని కొనాలా అంటే మాత్రం అక్కర్లేదు.

కొబ్బరి నూనె గురించి వేరుగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో ప్రతి రోగానికీ ముందు దాన్నే తీస్తారు. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ పోల్చి చూశారు. కడగడం, దువ్వడం వల్ల పోయే మాంసకృత్తును గట్టిగా తగ్గించింది కొబ్బరి నూనె ఒక్కటే. అందులోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి చొరబడగలదు. ఆ పరిశోధన చేసింది కొబ్బరి నూనె అమ్మే మారికో కంపెనీ వాళ్లేనన్న సంగతి కూడా పాఠకులు గుర్తుంచుకోవాలి. అయినా నూనె జుట్టుకు మేలు చేస్తుందన్న మన పెద్దల అనుభవంతో అది సరిపోతుంది. తలస్నానానికి ముందు రాస్తే వెంట్రుక నీటికి ఉబ్బడం తగ్గుతుంది. ఎండను ఆపే పని మాత్రం దానిది కాదు. నెత్తికి దండిగా నూనె పట్టించి ఉత్త తలతో పొలానికి వెళితే, దుమ్ము పట్టడమూ ఎండ తగలడమూ రెండూ జరుగుతాయి.

గుండు చేయించుకున్న రోజు ఇంకో సమస్య. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి బయటికి వచ్చిన మాడు అంతకుముందు నేరుగా ఎండ చూసింది కాదు. పుట్టు వెంట్రుకలు తీయించిన పసిపిల్లల మాడు మరీ లేత. గంధం పూస్తారు, చల్లగా ఉంటుంది, చూడముచ్చటగా ఉంటుంది. దాని భరోసాతో పిల్లవాణ్ని చంకనేసుకుని మిట్టమధ్యాహ్నం తిరగడం మంచిది కాదు. గంధం ఆరాక మెత్తటి నూలు టోపీ పెట్టాలి. ఆరు నెలలు నిండని పిల్లలకు సన్‌స్క్రీన్ రాయకపోవడమే మేలని వైద్యులు చెబుతారు, వాళ్లకు గుడ్డా నీడే సరైనవి. పెద్దవాళ్లు గుండుకూ బట్టతలకూ ముఖానికి రాసే సన్‌స్క్రీన్‌నే రాసుకోవచ్చు. జుట్టున్నవాళ్లు పాపిట వెంట వేలితో సన్నగా రాసుకోవచ్చు, అప్పుడప్పుడు పాపిట పక్కకు మార్చుకోవచ్చు.

ఇంట్లో చేసే కొన్ని పనులు తెలియకుండానే హాని చేస్తాయి. తలంటుకున్నాక డాబా ఎక్కి ఎండలో జుట్టు విరబోసుకుని ఆరబెట్టడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటు. తడి జుట్టు ఉబ్బి, బలహీనంగా ఉంటుంది. వరండాలో నీడకు, గాలికి ఆరబెడితే సరిపోతుంది, దువ్వెన ఆరాకే పెట్టాలి. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్లడం అసలే వద్దు. జుట్టు రంగు ఇంకా త్వరగా విరుగుతుంది, నిమ్మరసం అంటిన చర్మం మీద ఎండ పడితే బొబ్బలెక్కుతుంది కూడా. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం జుట్టుకు పట్టి బిరుసు చేస్తాయి. నీళ్లలో రాగి ఆనవాళ్లుంటే అవి వెంట్రుకలో చేరి, ఎండ తగిలినప్పుడు నష్టాన్ని వేగవంతం చేస్తాయని పరిశోధనల్లో తేలింది. ఉప్పు నీళ్ల ఊళ్లలో కనీసం చివరి చెంబు అయినా మంచినీళ్లతో పోసుకోవడం మేలు. ఈతకు దిగేముందు మామూలు నీళ్లతో తల తడుపుకుంటే జుట్టు క్లోరిన్ నీటిని, సముద్రపు ఉప్పునీటిని తక్కువ పీలుస్తుంది.

తలకు గుడ్డ చుట్టుకుంటే విటమిన్ డి అందదేమోనని ఇంకో భయం. ఆ విటమిన్‌ను తయారుచేసేది చర్మం, జుట్టు కాదు. చేతులకూ కాళ్లకూ తగిలే ఎండ దానికి చాలు.

ఎండ వల్ల బట్టతల వస్తుందన్నదీ నిజం కాదు. కుదురు దాకా ఈ కిరణాలు వెళ్లవు. దువ్వెనలో చిక్కిన వెంట్రుకలను తెల్లకాగితం మీద పరిచి చూస్తే తేడా కనిపెట్టవచ్చు. ఒక కొసన చిన్న తెల్లటి పూసలా ఉంటే అది కుదురు నుంచి రాలింది. రోజుకు 50 నుంచి 100 వరకు అలా రాలడం సహజం. ఏ కొసనా పూస లేకుండా, పొట్టిగా, ఒక చివర చీలి ఉంటే అది మధ్యలో తెగింది. ఎండ, చిక్కు, గట్టి దువ్వెన చేసే పని అది. కుదురు నుంచి ఎక్కువగా రాలుతుంటే రక్తహీనత, థైరాయిడ్, జ్వరాల వంటి కారణాలు చూడాలి. టోపీ దానికి మందు కాదు.

పిల్లల విషయంలో ఈ తేడా ఇంకా ముఖ్యం. వేసవి సెలవుల్లో చెరువుల్లో, కాలువల్లో ఈతలు కొట్టి జూన్‌లో బడికి వచ్చిన పిల్లల జుట్టు పైపైన, కొసల్లో ఎర్రబడి, కుదుళ్ల దగ్గర నల్లగా ఉంటే అది ఎండదే. మొదళ్లు కూడా రంగు తప్పి, జుట్టు పలచబడి, కాస్త లాగితే ఊడి వస్తుంటే అది తిండిలో మాంసకృత్తుల లోపానికి గుర్తు కావచ్చు. అలాంటి పిల్లలను అంగన్‌వాడీకో, ఆసుపత్రికో తీసుకెళ్లాలి. ఎండకు ఎర్రబడిందిలే అని వదిలేస్తే బిడ్డకు అన్యాయం జరుగుతుంది.

వ్యక్తి చేసుకోగలిగినవి ఇవి. ఎండలో నిలబడటం ఎవరి ఇష్టం మీదా లేని చోట వ్యక్తికి చెప్పే సలహా సగమే పనిచేస్తుంది. 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం తన రెండో షెడ్యూలులో పనిచోట తాగునీరు, పిల్లలకూ విశ్రాంతి వేళలకూ నీడ ఉండాలని స్పష్టంగా రాసింది. ఆ నీడ కాగితం మీదే ఉండిపోయిన చోట్లు తక్కువేమీ కాదు. కేరళ కార్మిక శాఖ ఏటా వేసవిలో ఎండలో పనిచేసేవాళ్లకు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా విశ్రాంతి ఇవ్వాలని ఆదేశాలిస్తోంది. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల నుంచి గల్ఫ్ వెళ్లిన మనవాళ్లకు ఇది కొత్త కాదు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఆరుబయట పని నిషేధం. అక్కడ దొరికే ఆ కాసింత నీడ సొంత ఊళ్లో మేస్త్రీ దగ్గర, కాంట్రాక్టరు దగ్గర పనిచేసేటప్పుడు ఎందుకు దొరకకూడదు? ఆ ఆదేశాలకు కారణం వడదెబ్బే అయినా, అదే నీడ జుట్టునూ చర్మాన్నీ కళ్లనూ కాపాడుతుంది.

ఆస్ట్రేలియాలో చాలా ప్రాథమిక పాఠశాలల్లో ఒక నియమం ఉంది: టోపీ లేనిదే ఆటస్థలంలోకి రానివ్వరు. చర్మ క్యాన్సర్ భయంతో అక్కడ మొదలైంది. మన చర్మానికి ఆ ముప్పు తక్కువే గానీ, మన ఎండ తక్కువ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు బడి పిల్లలకు ఏటా ఇచ్చే కిట్‌లో పుస్తకాలు, సంచి, బూట్లు, బెల్టు, యూనిఫాం బట్ట ఉన్నాయి, టోపీ లేదు. రెండు రాష్ట్రాల విద్యాశాఖలు వచ్చే మార్చిలో ఒంటిపూట బడుల ఉత్తర్వు ఇచ్చేలోపు ఈ ఒక్క వస్తువును చేర్చాలి. చుట్టూ అంచున్న నూలు టోపీ, మన చేనేత సంఘాల దగ్గరే నేయించి కుట్టించవచ్చు. అంతవరకు తల్లిదండ్రులు ఆగనక్కర్లేదు. పన్నెండున్నరకు బడి వదిలే పిల్లవాడి సంచిలో రేపటి నుంచే ఒక తువ్వాలో, చిన్న గొడుగో పెట్టి పంపండి.